పద్దెనిమిదేళ్లు ఒకే జెర్సీలో: మాట్ బ్లూమ్‌ఫీల్డ్ కెరీర్ చెప్పేదేమిటి

ఇంగ్లాండ్‌లో మే నెలలో ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు అయిపోయాక ప్రతి క్లబ్బూ ఒక జాబితా బయటపెడుతుంది. దాన్ని రిటైన్డ్ లిస్ట్ అంటారు. ఎవరిని ఉంచుకుంటున్నారు, ఎవరితో కొత్త కాంట్రాక్టు మాట్లాడుతున్నారు, ఎవరిని వదిలేస్తున్నారు అన్నది అందులో ఉంటుంది. వదిలేసినవాళ్ల కాంట్రాక్టు జూన్ 30తో ముగిసిపోతుంది. అన్నిటికంటే పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో పేరున్న ఆటగాళ్లకు ఈ జాబితాతో పెద్దగా పని లేదు, వాళ్ల కాంట్రాక్టులు నాలుగైదేళ్ల పాటు ఉంటాయి. కింది డివిజన్లలో ఒకటి రెండేళ్ల కాంట్రాక్టులే ఎక్కువ. పెళ్లయి, పిల్లలుండి, ఇంటి లోను కడుతున్న ముప్ఫై ఏళ్ల మిడ్‌ఫీల్డర్‌కు, అంటే మైదానం మధ్యలో ఆడేవాడికి, ఆ జాబితా వచ్చేదాకా నిద్ర పట్టదు.

మాట్ బ్లూమ్‌ఫీల్డ్ అనే మిడ్‌ఫీల్డర్ 2003 డిసెంబర్‌లో వికమ్ వాండరర్స్ క్లబ్బులో చేరాడు. 2022 ఫిబ్రవరిలో ఆట మానేసేదాకా అక్కడే ఉన్నాడు. ఇన్నేళ్లలో ఏ వేసవిలోనూ క్లబ్బు అతన్ని వదులుకోలేదు. అన్ని టోర్నీలూ కలిపి 550కి పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఇంగ్లాండ్ సీనియర్ జాతీయ జట్టుకు గానీ, ప్రీమియర్ లీగ్‌లో గానీ ఎప్పుడూ ఆడలేదు. మన దగ్గర శనివారం రాత్రి టీవీలో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ చూసేవాళ్లలో చాలామంది ఇతని పేరు విని ఉండరు. అయినా ఆ దేశపు ఫుట్‌బాల్ లోపల ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవాలంటే సూపర్‌స్టార్ల కథల కంటే ఇలాంటి కెరీరే ఎక్కువ చెబుతుంది. 2023లో డెక్లన్ రైస్ అనే మిడ్‌ఫీల్డర్ కోసం ఆర్సెనల్ బోనస్‌లతో కలిపి 105 మిలియన్ పౌండ్లు ఒప్పుకుంది. బ్లూమ్‌ఫీల్డ్ వికమ్‌కు వచ్చింది ఉచిత బదిలీ మీద, అంటే పాత క్లబ్బుకు డబ్బేమీ కట్టకుండా. అతని విలువ తెలియాలంటే బదిలీ ధర చూసి లాభం లేదు, ఎన్నిసార్లు మళ్లీ సంతకం పెట్టమని అడిగారో చూడాలి.

ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులుంటాయి. దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అని మూడు మెట్లు, ఒక్కో మెట్టులో 24 క్లబ్బులు, మొత్తం 72. ప్రతి ఏడాదీ కొన్ని పైకెక్కుతాయి, కొన్ని కిందికి దిగుతాయి. లీగ్ టూ అడుగు నుంచి జారితే ఆ 72లోంచే బయటికి పోవాలి. ఒక్కో జట్టూ సీజన్‌కు 46 లీగ్ మ్యాచ్‌లు ఆడాలి, కప్ పోటీలు వేరే. చలికాలంలో శనివారం ఒక మ్యాచ్, మంగళవారం రాత్రి ఇంకో మ్యాచ్, మధ్యలో గంటల తరబడి బస్సు ప్రయాణం. ఈ లెక్కలో మిడ్‌ఫీల్డర్‌కు పడే భారం ఎక్కువ, ఎందుకంటే మైదానంలో అందరికంటే ఎక్కువ దూరం పరుగెత్తేది సాధారణంగా అతనే.

బ్లూమ్‌ఫీల్డ్ 1984 ఫిబ్రవరి 8న సఫోక్ తీరంలోని ఫెలిక్స్‌టో అనే ఓడరేవు ఊళ్లో పుట్టాడు. దగ్గర్లోని పెద్ద క్లబ్బు ఇప్స్‌విచ్ టౌన్. అతను దాని అకాడమీలో పెరిగాడు. ఆ క్లబ్బు 2000-01 సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో ఐదో స్థానం సాధించి యూరప్ పోటీలకు వెళ్లింది. ఆ ఊపులో ఖర్చులు పెంచుకుంది. మరుసటి ఏడాదే, 2002లో, కింది డివిజన్‌కు పడిపోయింది. అదే ఏడాది కింది డివిజన్ల మ్యాచ్‌లు చూపించే ఐటీవీ డిజిటల్ అనే టీవీ సంస్థ కుప్పకూలింది. లీగ్‌కు అది ఇవ్వాల్సిన దాదాపు 178 మిలియన్ పౌండ్లు ఇక రావని తేలిపోయింది. ఆ డబ్బు వస్తుందనే నమ్మకంతో కాంట్రాక్టులు రాసిన క్లబ్బులు ఒకదాని వెనక ఒకటి చతికిలపడ్డాయి. ఇప్స్‌విచ్ 2003 మొదట్లో దివాలా పరిపాలన కిందికి వెళ్లింది.

అలాంటి కాలంలో పందొమ్మిదేళ్ల కుర్రాడికి పెద్ద క్లబ్బులో చోటు దొరక్కపోవడం వింతేమీ కాదు. అకాడమీల లెక్కే అంత. పదహారేళ్లకు రెండేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తారు, పద్దెనిమిదికి ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇవ్వాలో వద్దో తేలుస్తారు. ఎక్కువమందికి ఆ కాంట్రాక్టు రాదు. వచ్చినవాళ్లలోనూ చాలామంది ఇరవై ఒకటి ఇరవై రెండేళ్లకల్లా ఆట వదిలి వేరే పని వెతుక్కుంటారు. చిన్నప్పటి నుంచీ చదువును కొంత పక్కన పెట్టి ఆటే లోకంగా బతికిన పిల్లలకు అది చాలా పెద్ద దెబ్బ. మెట్టు దిగి ఆడటానికి బ్లూమ్‌ఫీల్డ్ సిద్ధపడ్డాడు. అప్పుడు వికమ్ మేనేజర్ టోనీ ఆడమ్స్. ఆర్సెనల్‌కు, ఇంగ్లాండ్‌కు కెప్టెన్సీ చేసిన పెద్ద పేరు. మేనేజర్‌గా అతనికది మొదటి ఉద్యోగం. బ్లూమ్‌ఫీల్డ్ చేరిన ఆరు నెలల్లోపే ఆ జట్టు డివిజన్‌లో ఆఖరి స్థానంలో నిలిచి నాలుగో మెట్టుకు దిగిపోయింది.

ఈ క్లబ్బు ఉన్న ఊరు గురించి రెండు మాటలు చెప్పాలి. పేరు హై వికమ్. ఇంగ్లిష్ అక్షరాలు చూసి వైకోంబ్ అని చదువుతాం గానీ అక్కడివాళ్లు పలికేది వికమ్ అనే. లండన్‌కు వాయవ్యంగా చిల్టర్న్ కొండల మధ్య ఉంటుంది. ఆ కొండల మీది బీచ్ అనే జాతి చెట్ల కలపతో కుర్చీలు చేయడం ఆ ఊరి పాత వృత్తి. అందుకే జట్టును చెయిర్‌బాయ్స్ అని పిలుస్తారు, అంటే కుర్చీల కుర్రాళ్లు. వాళ్ల మైదానం ఆడమ్స్ పార్క్‌లో పదివేల మంది దాకా పడతారు. అక్కడికి వెళ్లాలంటే ఒక పారిశ్రామికవాడ మధ్యలోంచి, గోడౌన్లూ షెడ్లూ దాటుకుంటూ పోవాలి. రోడ్డు చివర స్టేడియం, దాని వెనక చెట్లు కమ్ముకున్న కొండవాలు. శనివారం మధ్యాహ్నం వర్క్‌షాపుల షట్టర్లు మూసి ఉన్న ఆ దారిలోనే జనం స్కార్ఫులు కట్టుకుని గుంపులు గుంపులుగా నడిచి వస్తారు. ఆ ఒక్క దారి చూసినా అక్కడి డబ్బు స్థాయి, అభిమానం స్థాయి రెండూ తెలిసిపోతాయి.

2004లో దిగిన ఆ జట్టు 2009లో ఎక్కింది, 2010లో దిగింది, 2011లో ఎక్కింది, 2012లో మళ్లీ దిగింది. 2018లో ఎక్కింది, 2020లో ఇంకో మెట్టెక్కి ఛాంపియన్‌షిప్ చేరింది, 2021లో దిగింది. నాలుగుసార్లు పైకి, నాలుగుసార్లు కిందికి. ఈ ఎనిమిది మార్పులప్పుడూ బ్లూమ్‌ఫీల్డ్ అదే క్లబ్బులో ఉన్నాడు. సాధారణంగా జట్టు ఎక్కితే ఇంకా మెరుగైన ఆటగాళ్లను తెస్తామంటారు, దిగితే జీతాలు తగ్గించుకోవడానికి పాతవాళ్లను పంపేస్తారు. రెండు సందర్భాల్లోనూ కత్తి వేలాడేది అక్కడున్న ఆటగాడి మెడ మీదే. పైగా మేనేజర్లు మారారు. ఆడమ్స్ తర్వాత జాన్ గోర్మన్, పాల్ లాంబర్ట్, పీటర్ టేలర్, గ్యారీ వాడక్, గ్యారెత్ ఎయిన్స్‌వర్త్. కొత్త మేనేజర్ వస్తే తనకు తెలిసిన ఆటగాళ్లను వెంటబెట్టుకుని వస్తాడు, ఉన్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవాలి. ఆరుగురు మేనేజర్లకు, ఆరు రకాల ఆలోచనలకు ఒకే మనిషి పనికొచ్చాడంటే అందులో అదృష్టం కొంతే.

మరి అతను చేసిన పనేమిటి? గోల్స్ లెక్కలో అది కనిపించదు. కింది డివిజన్లలో రెండో బంతి అనే మాట తరచుగా వినిపిస్తుంది. గోల్‌కీపరో డిఫెండరో బంతిని ఎత్తుగా, దూరంగా కొడతాడు. ముందున్న స్ట్రైకర్, అతన్ని కాచుకున్న డిఫెండర్ ఇద్దరూ గాల్లోకి లేస్తారు. బంతి ఎవరి తలకో తగిలి పది పదిహేను గజాల అవతల పడుతుంది. అలా పడేదే రెండో బంతి. దాన్ని ఎవరు అందుకుంటే దాడి వాళ్లది. మిడ్‌ఫీల్డర్ చేయాల్సిందేమిటంటే, ఇద్దరూ గాల్లో ఉండగానే బంతి ఎటు పడుతుందో పసిగట్టి పరుగు మొదలుపెట్టాలి. బంతి పడ్డాక పరుగెత్తితే అప్పటికే ఆలస్యం. ఊహ తప్పితే వెనక వదిలేసిన ఖాళీ కాపాడటానికి అంతే వేగంగా వెనక్కి రావాలి. తొంభై నిమిషాల్లో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది, వానకు నానిన మైదానంలో, మోకాళ్ల దాకా బురదతో. టీవీ హైలైట్స్‌లో ఇందులో ఒక్కటీ ఉండదు. సహచరులకు, కోచ్‌లకు మాత్రం తెలుసు.

ఎయిన్స్‌వర్త్ కాలంలో ఈ పని విలువ ఇంకా పెరిగింది. అతను మొదట బ్లూమ్‌ఫీల్డ్ పక్కన ఆడినవాడే, 2012లో మేనేజర్ అయ్యాడు. చేతిలో డబ్బు తక్కువ. చిన్న చిన్న పాసులతో ఆడించే జట్టును కట్టాలంటే ఆ నైపుణ్యం ఉన్నవాళ్లను కొనాలి. అందుకని బంతిని నేరుగా ముందుకు పంపే పద్ధతి పట్టుకున్నాడు. 2016లో అడెబాయో అకిన్‌ఫెన్వా వచ్చాక ఆ పద్ధతికి ఇరుసు దొరికినట్లయింది. ఎవరూ పక్కకు తోయలేనంత బలమైన స్ట్రైకర్ అతను. అతని రాక కథలో కూడా రిటైన్డ్ లిస్ట్ గొడవే ఉంది. ఆ ఏడాది మేలో వింబుల్డన్ క్లబ్బు తరఫున, పై మెట్టుకు మిగిలిన ఆఖరి చోటు తేల్చే ప్లేఆఫ్ ఫైనల్‌లో గోల్ కొట్టి, జట్టును పైకి తీసుకెళ్లి, వెంటనే టీవీలో తనకు ఉద్యోగం లేదని, ఏ మేనేజరైనా వాట్సాప్‌లో పలకరించవచ్చని చెప్పాడు. జనం నవ్వుకున్నారు గానీ అతను చెప్పింది అక్షరాలా నిజం. ఛాతీతో, తలతో అకిన్‌ఫెన్వా దింపిన బంతులను అందుకోవడానికి వెనక నమ్మకమైన కాళ్లు కావాలి. బ్లూమ్‌ఫీల్డ్ లాంటి మిడ్‌ఫీల్డర్లు లేకపోతే అంత బలమైన స్ట్రైకర్ ఉండీ లాభం లేదు.

మధ్యలో పెద్ద రాత్రులూ లేకపోలేదు. 2006-07లో నాలుగో మెట్టులో ఉన్న ఈ జట్టు లీగ్ కప్‌లో ఫుల్‌హామ్‌ను, చార్ల్‌టన్‌ను ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆ రెండూ అప్పట్లో ప్రీమియర్ లీగ్ క్లబ్బులు. సెమీస్‌లో చెల్సీతో సొంత మైదానంలో 1-1తో డ్రా చేసుకుంది, తర్వాత లండన్‌లో 0-4తో ఓడింది. అంతకంటే బరువైన రోజు 2014 మే 3. వికమ్ అప్పుడు 72లోంచి జారిపోయే స్థితిలో ఉంది. ఆఖరి రోజు టార్కీ అనే జట్టును వాళ్ల ఊళ్లో ఓడించాలి, అదే సమయంలో బ్రిస్టల్ రోవర్స్ గానీ నార్తాంప్టన్ గానీ తన మ్యాచ్ ఓడిపోవాలి. వికమ్ 3-0తో గెలిచింది, రోవర్స్ మాన్స్‌ఫీల్డ్ చేతిలో 0-1తో ఓడింది. ఇద్దరికీ 50 పాయింట్లే, గోల్స్ తేడాతో వికమ్ బతికింది. 1920 నుంచి లీగ్‌లో ఉన్న రోవర్స్ మొదటిసారి బయటికి వెళ్లింది. ఆ రోజు రెండు ఊళ్లలో ఎన్ని ఉద్యోగాలు ఆ ఫలితం మీద ఆధారపడ్డాయో ఆలోచిస్తే గుండె ఝల్లుమంటుంది. ఆటగాళ్లవి మాత్రమే కాదు, టికెట్ కౌంటర్‌లో కూర్చునేవాళ్లవి, గడ్డి కోసేవాళ్లవి కూడా.

2019-20 సీజన్ లెక్క వివరంగా చూడాలి, ఎందుకంటే బ్లూమ్‌ఫీల్డ్ కెరీర్‌లో అత్యున్నత ఘట్టం ఆ లెక్క మీదే నిలబడింది. మార్చిలో కరోనా వల్ల ఆట ఆగే నాటికి వికమ్ లీగ్ వన్‌లో ఎనిమిదో స్థానంలో ఉంది, 34 మ్యాచ్‌లకు 59 పాయింట్లు. పైనున్న ఆక్స్‌ఫర్డ్, పోర్ట్స్‌మత్, ఫ్లీట్‌వుడ్‌లకు 35 మ్యాచ్‌లకు 60 పాయింట్లు. మిగతా మ్యాచ్‌లు జరపలేమని క్లబ్బులు ఓటు వేశాయి. స్థానాలను మ్యాచ్‌కు సగటు పాయింట్లతో తేల్చారు. 59ని 34తో భాగిస్తే 1.735 వస్తుంది. 60ని 35తో భాగిస్తే 1.714. ఆ చిన్న తేడాతో వికమ్ ఎనిమిది నుంచి ఒక్కసారిగా మూడుకు ఎగబాకింది. ఆరో స్థానంలో ఉన్న పీటర్‌బరో ఏడుకు జారి ప్లేఆఫ్ చోటే పోగొట్టుకుంది. వాళ్ల బాధలో న్యాయం ఉంది. అయితే వికమ్ ఒక మ్యాచ్ తక్కువ ఆడి అన్ని పాయింట్లు తెచ్చుకున్న మాటా నిజమే.

ఆ తర్వాత వాళ్లు మైదానంలో చేసింది ఎవరూ కాదనలేరు. సెమీస్‌లో ఫ్లీట్‌వుడ్ మీద వాళ్ల ఊళ్లోనే 4-1తో గెలిచి, సొంత గడ్డ మీద 2-2తో ముగించారు. జూలై 13న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో, ఫైనల్‌లో, ఆక్స్‌ఫర్డ్‌ను 2-1తో ఓడించారు. 79వ నిమిషంలో జో జేకబ్సన్ కొట్టిన పెనాల్టీతో ఫలితం తేలింది. వికమ్ రెండో డివిజన్‌కు చేరడం క్లబ్బు చరిత్రలో అదే మొదటిసారి. తొంభై వేల మంది పట్టే స్టేడియంలో అభిమాని ఒక్కడూ లేడు. ఆటగాళ్ల కేకలు, బంతి తగిలిన చప్పుడు టీవీలో స్పష్టంగా వినిపించాయి. పదహారేళ్లకు పైగా ఆ చొక్కా వేసుకున్న మనిషికి జీవితంలో అతి పెద్ద విజయం అలా ఖాళీ కుర్చీల ఎదుట దక్కింది. కుర్చీల ఊరి జట్టుకు అంతకంటే పెద్ద లోటు ఇంకేముంటుంది? మరుసటి సీజన్ కూడా దాదాపు మొత్తం తలుపులు మూసుకునే సాగింది. వాళ్లు చివరిదాకా పోరాడారు, ఆఖరి రోజు మిడిల్స్‌బరోను 3-0తో గెలిచి 43 పాయింట్లకు చేరారు. అదే రోజు డెర్బీ 3-3తో డ్రా చేసుకుని 44 పాయింట్లతో గట్టెక్కింది. డెర్బీ ఖాతాల మీద అప్పటికే విచారణ నడుస్తోంది. ఆ క్లబ్బుకు మొత్తం 21 పాయింట్ల కోత పడింది కూడా, కాకపోతే తర్వాతి సీజన్‌లో. ఆ కోత కొన్ని నెలల ముందు పడి ఉంటే వికమ్ దిగేదే కాదు.

అదే రోజుల్లో జీతాల మీద ఇంకో గొడవ నడిచింది. 2020 ఆగస్టులో లీగ్ వన్, లీగ్ టూ క్లబ్బులు ఏడాది జీతాలకు పరిమితి పెట్టుకున్నాయి. లీగ్ వన్‌లో క్లబ్బుకు 2.5 మిలియన్ పౌండ్లు, లీగ్ టూలో 1.5 మిలియన్లు. ఒక జట్టు మొత్తానికి సరిపెట్టాల్సిన ఆ డబ్బు ప్రీమియర్ లీగ్‌లో పెద్ద స్టార్‌కు కొన్ని వారాల జీతం. ఆటగాళ్ల సంఘం పీఎఫ్‌ఏ దాన్ని సవాలు చేసింది, 2021 ఫిబ్రవరిలో ఆ పరిమితి రద్దయింది. సంఘం చేసింది సరైన పనే. అయితే క్లబ్బుల భయమూ ఉత్తది కాదు. 2019 ఆగస్టులో బరీ అనే పాత క్లబ్బును అప్పుల కారణంగా లీగ్ నుంచి తీసేశారు. జీతాలు అందక అక్కడి ఆటగాళ్లు నెలల తరబడి ఎంత నలిగిపోయారో అందరూ చూశారు.

బ్లూమ్‌ఫీల్డ్ కెరీర్‌ను ఆపింది మాత్రం కాంట్రాక్టు కాదు. తలకు తగిలిన దెబ్బ తర్వాత వైద్యుల సలహా మీద 2022 ఫిబ్రవరిలో, 38వ పుట్టినరోజు నెలలో, ఆటకు సెలవు చెప్పాడు. రెండో బంతి కోసం లేచే మిడ్‌ఫీల్డర్‌కు మోచేతులు, తలలు తగలడం మామూలే. ఏళ్ల తరబడి అది ఆటలో భాగమని సర్దుకున్నారు. 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు స్కాట్లాండ్ మాజీ ఆటగాళ్ల మరణాల వివరాలు పరిశీలించారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం మామూలు జనం కంటే వాళ్లలో సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. తర్వాతి అధ్యయనంలో ఆ ముప్పు డిఫెండర్లకు అత్యధికమని బయటపడింది. 2021-22 సీజన్ నుంచి ప్రాక్టీసులో బలంగా వచ్చే బంతిని తలతో కొట్టడం వారానికి పదికి మించకూడదని ఇంగ్లాండ్‌లో మార్గదర్శకాలు వచ్చాయి. బ్లూమ్‌ఫీల్డ్ తరం ప్రాక్టీసు మైదానాల్లో పెరిగిన కాలంలో ఆ లెక్క అడిగినవాళ్లు లేరు.

ఆట ముగిశాక కింది డివిజన్ల ఆటగాడికి కూర్చుని తినేంత ఆస్తి ఉండదు. కోచింగ్ అర్హతలు సంపాదించడం ఒక దారి, కానీ ఉద్యోగాలు కొన్నే. అతనికి 2022 సెప్టెంబర్‌లో కోల్‌చెస్టర్ అనే క్లబ్బులో మేనేజర్ పదవి దొరికింది. 2023 ఫిబ్రవరిలో ఎయిన్స్‌వర్త్ క్వీన్స్ పార్క్ రేంజర్స్‌కు వెళ్లిపోగా, వికమ్ తన పాత మిడ్‌ఫీల్డర్‌నే ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. 2024లో జట్టును కింది డివిజన్ల కప్ పోటీ అయిన ఈఎఫ్‌ఎల్ ట్రోఫీలో ఫైనల్‌కు తీసుకెళ్లాడు, పీటర్‌బరో చేతిలో 1-2తో ఓడింది. 2025 జనవరి నాటికి లీగ్ వన్‌లో వికమ్ రెండో స్థానంలో ఉంది. ఆ సమయంలో అతను ఛాంపియన్‌షిప్ క్లబ్బు లూటన్ టౌన్ పిలిస్తే వెళ్లాడు. అభిమానుల్లో కొందరు నొచ్చుకున్నారు. అయితే పై మెట్టు నుంచి పిలుపు అతనికి పందొమ్మిదో ఏట రాలేదు, నలభై ఏళ్లకు వచ్చింది. దాన్ని కాదనమని అడగడం న్యాయం కాదు.

లూటన్ అప్పటికే పట్టికలో బాగా కింద ఉంది, మేలో లీగ్ వన్‌కు దిగిపోయింది. కొత్త సీజన్‌లో ఆశించిన ఫలితాలు రాలేదు. 2025 అక్టోబర్‌లో క్లబ్బు అతన్ని తొలగించింది. ఆటగాడిగా పద్దెనిమిదేళ్లు ఏ మే నెలలోనూ వదిలేసినవాళ్ల జాబితాలో అతని పేరు లేదు. మేనేజర్‌గా లూటన్‌లో గడిపింది తొమ్మిది నెలలు.